గట్టుమీది కలుపు

(సృష్టియు మనమును)



ఆర్.ఎన్.ఏ. అను మాట 2020వ సంవత్సరమునకు ముందు మన పల్లెలలో వినినవారు బహు తక్కువ. కరోనా దినములలో ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసినప్పుడు ఆ పరీక్ష వెదకినది వైరసుయొక్క ఆర్.ఎన్.ఏ.నే. అప్పటినుండి ఆ మాట రచ్చబండ వరకు వచ్చినది. అయితే దానికి ఇరువది సంవత్సరములు ముందే ఒక ఆర్.ఎన్.ఏ. వైరసు మన రాయలసీమ పొలములలో ప్రవేశించి వేలాది కుటుంబములను కన్నీటిపాలు చేసియున్నది. ఈ నెల ఆ సంగతి వ్రాయుచున్నాము. ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుకొనుడని మనవి.

2000వ సంవత్సరము ముంగారు పైరు. అనంతపురము జిల్లాలో ఎప్పటివలెనే బుడ్డలు విత్తిరి. వర్షాధారపు నేల. అప్పు తెచ్చి విత్తనము కొనినవారే ఎక్కువ. మొక్క లేచి నెల తిరుగక మునుపే లేత ఆకులమీద గోధుమ రంగు మచ్చలు కనబడినవి. మచ్చ తొడిమెకు దిగి, తొడిమెనుండి కాండమునకు ప్రాకినది. మొవ్వ ఎండి మాడిపోయినది. లేత మొక్కలు నిలువునా చచ్చినవి. కొంచెము ముదిరిన తరువాత తెగులు తగిలిన మొక్కలు గిడసబారి, సన్నని కాయలు కాచినవి. ఆ ఒక్క సంవత్సరమే సుమారు 2,25,000 హెక్టార్లలో, అనగా అయిదున్నర లక్షల ఎకరములలో ఈ తెగులు కనబడినదనియు, నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదనియు శాస్త్రజ్ఞులు లెక్క వేసిరి. మన కర్నూలు జిల్లాకు అది దూరదేశపు వార్త కాదు. ప్యాపిలి దాటితే గుత్తి. వారి నేలయు మన నేలయు ఒక్కటే, వారి బ్రదుకును మన బ్రదుకును ఒక్కటే.

ఇట్టి కష్టము వచ్చినప్పుడు మనుష్యుల నోట మూడు మాటలు వచ్చును. విత్తనము అమ్మినవాడు మోసము చేసినాడని ఒకరందురు. ప్రక్క చేనివాని చేతిలోనే ఏదో ఉన్నదని మరియొకరందురు. మూడవ మాట విశ్వాసుల ఇండ్లలోనే వినబడును: ఆ ఇంటివారు దేవునియెదుట ఏదో తప్పు చేసిరి, అందుకే వారి పైరు మాడినది. మొదటి రెండు మాటలు పొరుగువానిని గాయపరచును. మూడవది, ఇంతకు ముందే నలిగిన హృదయమును త్రొక్కివేయును. పైరు పోయిన ఇంటిలో అన్నము సహింపక కూర్చున్న తండ్రికి అది ఎంత భారమో ఆలోచించుడి. గనుక ఆ తెగులు నిజముగా ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనుట జ్ఞానమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు, ప్రేమకు సంబంధించిన విషయము కూడ.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ కలదు. మెట్ట పంటలమీద పరిశోధన చేయుట దాని పని. అక్కడి వైరసు శాస్త్రజ్ఞులైన డి.వి.ఆర్. రెడ్డి గారును, హైదరాబాదులోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థకు చెందిన ప్రసాదరావు గారును, వారి తోటివారును ఈ తెగులును పట్టుకొనిరి. వారి పరిశోధన 2002లో ప్రకటింపబడినది. వారేమి చేసిరో గ్రహింపవలెనంటే ముందుగా ఆర్.ఎన్.ఏ. అనగానేమి, ప్రోటీను అనగానేమి అని కొంచెము తెలిసికొనవలెను.

తహశీల్దారు కార్యాలయములో భూముల అసలు రికార్డు ఉండును. దానిని ఎవరును ఇంటికి తీసికొని పోరు. మనకు పని పడినప్పుడు అవసరమైన సర్వే నంబరుకు మాత్రము అడంగల్ నకలు తీసికొందుము. ఆ నకలుతో బ్యాంకులో పని జరుగును. జీవకణములో డి.ఎన్.ఏ. అనునది అసలు రికార్డు. దానిలో అవసరమైన భాగమునకు తీసిన నకలే ఆర్.ఎన్.ఏ. ఆ నకలునందున్న అక్షరములు నాలుగే. అయితే మూడేసి అక్షరములు కలిపి చదివిన యెడల ఒక్కొక్క మాట వచ్చును. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పూస. ఆ పూసలకు అమైనో ఆమ్లములని పేరు. అవి ముఖ్యముగా 20 రకములు. నకలులో వ్రాసిన వరుస ప్రకారము పూసలను గ్రుచ్చి దండ చేయుటకు కణములో రైబోజోము అను చిన్న మగ్గము కలదు. ఆ దండయే ప్రోటీను. అది తానే మడత పడి ఒక రూపము పొందును. మన కండలు, గోళ్లు, రక్తములోని ఎఱ్ఱదనము, పప్పులోని బలము, ఇవన్నియు ప్రోటీనులే.

ఈ మూడక్షరముల భాషను చదువుటలో పాలుపొందినందుకు 1968లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో హరగోవింద ఖొరానా గారు ఒకరు. వారు 1922లో, నేడు పాకిస్తానులోనున్న ముల్తాను ప్రాంతపు ఒక చిన్న పల్లెలో పుట్టిరి. తండ్రి ఆ ఊరి పట్వారి. మొదటి చదువు చెట్టు క్రింద. పల్లెలో చదువుచున్న మన పిల్లలకు ఈ సంగతి చెప్పుడి.

ఇక వైరసు సంగతి. దానికి మగ్గము లేదు, పూసలు లేవు, వంటిల్లు లేదు. ఈ తెగులు వైరసులో ఉన్నవి రెండే: ఆర్.ఎన్.ఏ., దానిమీద ప్రోటీను తొడుగు. ఒక దొంగ నకలు సృష్టించుకొని, చొక్కా తొడుగుకొని, పరుల ఇంటిలో ప్రవేశించి వారి మగ్గము మీదనే తన బట్ట నేయించుకొనువాని వంటిది. మొక్క కణము ఆ నకలు తన యజమానిదో, దొంగదో గుర్తింపలేదు. వ్రాసినట్టు నేసి పెట్టును. చివరకు తాను చచ్చును.

తొడుగు ముఖ్యమా, లోపలి ఆర్.ఎన్.ఏ. ముఖ్యమా అను ప్రశ్న 1950ల మధ్యలో పొగాకు మొక్కకు వచ్చు మొజాయిక్ వైరసు మీద తీరినది. శాస్త్రజ్ఞులు ఆ వైరసుయొక్క ప్రోటీనును, ఆర్.ఎన్.ఏ.ను విడదీసిరి. 1956లో వట్టి ఆర్.ఎన్.ఏ.ను మొక్కకు రుద్దినప్పుడు తెగులు వచ్చినది. ఆర్.ఎన్.ఏ.యే విత్తనమని ఆ విధముగా తేలినది. అయితే మన బుడ్డల పైరును మాడ్చిన వైరసు ఇంకొక వంశమునకు చెందినది. దాని పేరు టొబాకో స్ట్రీక్ వైరసు. దాని ఆర్.ఎన్.ఏ. ఒక్క ముక్క కాదు, మూడు ముక్కలు. మూడింటి అక్షరములు కలిపినను సుమారు 8,600. కరోనా వైరసుకున్నవి సుమారు 30,000. ఈ వంశపు వైరసులలో ఒక వింత గలదు. వట్టి ఆర్.ఎన్.ఏ. ముక్కలను మొక్కలో పెట్టిన యెడల తెగులు అంటదు. వాటితోకూడ కొద్దిగానైనను తొడుగు ప్రోటీను ఉండవలెను. ఇక్కడ చొక్కా కేవలము చొక్కా కాదు, తలుపు తెరచు తాళపుచెవి కూడ.

ఆ తొడుగును పట్టుకొనియే శాస్త్రజ్ఞులు దొంగను గుర్తించిరి. మొదట చూచినవారు ఇది మనకు పాత పరిచయమున్న మొవ్వకుళ్లు తెగులే అనుకొనవచ్చును, ఎందుకనగా రెంటిలోను మొవ్వ మాడును. పరీక్షలలో ఆ వైరసు కనబడలేదు. అప్పుడు తెగులు మొక్కల రసము తీసి అలసంద మొక్కల ఆకులకు రుద్ది వైరసును పెంచిరి. దానిని శుద్ధి చేసి తొడుగు ప్రోటీను ఎంత పరిమాణము గలదో కొలిచిరి. రెండువందల పైచిలుకు పూసల దండ అది. తరువాత ఆయా వైరసుల తొడుగులను మాత్రమే పట్టుకొను ప్రతిరక్షక ప్రోటీనులతో పరీక్షించిరి. తాళమునకు దాని చెవియే పట్టునట్లు, ఈ ప్రతిరక్షకములలో ఒకటి సరిగా పట్టినది. కడపట, తొడుగును వ్రాయు ఆర్.ఎన్.ఏ. భాగమును అక్షరము వెంబడి అక్షరము చదివి, ఇతర దేశములలో తెలిసియున్న వైరసు అక్షరములతో సరిపోల్చిరి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటవలన ప్రతి సంగతి స్థిరపడవలెనని మన గ్రంథములో ఉన్న నియమము మీకు తెలియును. ఈ పరిశోధకులు కూడ అట్లే ఒక్క సాక్షితో తృప్తి చెందలేదు. ప్రక్కింటివానిమీద మనము మోపు నేరములకు ఎందరు సాక్షులను విచారించుచున్నాము?

ఇప్పుడు అసలు ప్రశ్న. వైరసు పేరు తెలిసినది, గాని అది పైరులోనికి ఎట్లు వచ్చినది? జవాబు గట్టుమీద ఉన్నది. వయ్యారిభామ అని మనము పిలుచు కలుపు మొక్క, తెల్లని చిన్న పూలు పూచునది, కొందరు కాంగ్రెసు గడ్డి అందురు. అది అమెరికా ఖండములనుండి వచ్చిన మొక్క. 1950లలో పూణే దగ్గర కనబడి, తరువాత దేశమంతట ప్రాకినది. ఒక్క మొక్కయే వేల గింజలు రాల్చును. మా కల్లూరునుండి డోన్ వైపు పోయినను, పత్తికొండ వైపు పోయినను బాటకు ఇరుప్రక్కల అదే. హంద్రీ ఒడ్డున అదే. ఈ మొక్కలో ఆ వైరసు ఉండును గాని మొక్కమీద మచ్చ గాని మాడుట గాని కనబడదు. పచ్చగా, నిండుగా పూయుచుండును. వైరసు దాని పుప్పొడిలో ఉండును. ఆ పుప్పొడి గాలికి లేచియు, తామర పురుగుల ఒంటికి అంటుకొనియు బుడ్డల ఆకులమీద పడును. తామర పురుగు కంటికి ఆనీ ఆనని పురుగు. అది ఆకును గీకి రసము పీల్చునప్పుడు పడిన గాయములో పుప్పొడిలోని వైరసు ప్రవేశించును. పొద్దుతిరుగుడు పైరుకు 1997లో కర్ణాటకలో కనబడిన మాడు తెగులుకు కూడ ఈ వైరసే కారణమని తేలినది.

ఇంకొక సంగతి గమనింపుడి. వేరుశనగ పూవు విచ్చుకొనకమునుపే తనలో తానే పరాగసంపర్కము ముగించుకొనును. దాని పుప్పొడి బయటికి ఎగురదు. లేతలో తెగులు తగిలిన మొక్క పూవు పూయకమునుపే చచ్చును. అందువలన తెగులు ఒక బుడ్డల మొక్కనుండి ఇంకొక బుడ్డల మొక్కకు ప్రాకుట అరుదు. విత్తనముద్వారా కూడ ఈ తెగులు వచ్చినట్లు పరీక్షలలో కనబడలేదు. అనగా ప్రక్క చేనివాని పైరు మీ పైరును చెరపలేదు. విత్తనము అమ్మినవాడు ఈ తెగులును అమ్మలేదు. రోగము వచ్చినది ఎవనికిని చెందని స్థలమునుండి: గట్టునుండి, బాట ప్రక్కనుండి, బీడునుండి, మనము ప్రతిదినము చూచుచు దాటిపోవు చోటునుండి.

ఇక దేవుని శిక్ష అను మాట. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమువలన ఇట్లు జరిగినదని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపమునకు గాని తలిదండ్రుల పాపమునకు గాని ప్రభువు దానిని అంటగట్టలేదు. యోహాను సువార్త 9వ అధ్యాయము చదువుడి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంపవద్దని లూకా 13వ అధ్యాయములో ఆయనే హెచ్చరించెను. యోబు స్నేహితులు వారము దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు తెరచి కారణములు చెప్పనారంభించినప్పుడే దేవుని కోపమునకు పాత్రులైరి. 2000వ సంవత్సరములో అనంతపురము జిల్లాలో పైరు మాడినవారిలో ప్రార్థనాపరులు ఉన్నారు, త్రాగుబోతులు ఉన్నారు. పుప్పొడి వారిలో భేదము చూపలేదు. గనుక పైరు పోయిన ఇంటికి పోవునప్పుడు కారణము తీసికొని పోకుడి. సంకటి గిన్నె తీసికొని పొండి. వడ్డీ కట్టలేని నెలలో వారి పిల్లల ఫీజు సంఘము భరింపగలదేమో పెద్దలు కూర్చుండి ఆలోచింపుడి.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. మత్తయి 13వ అధ్యాయములోని ఉపమానములో, గోధుమల మధ్యనున్న గురుగులను పెరుకుదుమా అని దాసులు అడిగినప్పుడు యజమానుడు వద్దనెను గదా, మరి కాపరియే కలుపు పెరుకుమని చెప్పవచ్చునా? ఆ ఉపమానమును ప్రభువే విప్పి చెప్పెను. ఆ పొలము లోకము, గురుగులు మనుష్యులు, కోత కోయువారు దేవదూతలు. మనుష్యులను మనము పెరికివేయరాదని దాని భావము. అది వ్యవసాయ పాఠము కాదు. అయితే మన అలవాటు తలక్రిందులుగా ఉన్నది. పెరుకవద్దన్న మనుష్యులను పెరుకుచున్నాము, ఆ ఇంటిని ఈ ఇంటిని సంఘమునుండి దూరము చేయుచున్నాము. పెరుకవలసిన కలుపును గట్టుమీద పూయనిచ్చుచున్నాము. ఏదెను తోటను సేద్యపరచుటకును కాచుటకును మొదటి మనుష్యునికి అప్పగింపబడిన పని ఇంకను మన చేతులలోనే ఉన్నది.

ఈ పని ఒక్కని వలన కాదు. తన చేను శుభ్రము చేసికొనినవాని పైరుకు కూడ బాట ప్రక్కనున్న పుప్పొడి వచ్చును. ఊరంతయు కలిసిననే ఫలము. గనుక మన సంఘములకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

మొదట మన దేవాలయపు ఆవరణమును, మన సమాధుల తోటను చూచుకొందము. చాల ఊళ్లలో వయ్యారిభామ దట్టముగా పెరుగు చోట్లలో అవియు ఉన్నవి. ముంగారు వానలు పడిన తరువాత, నేల తడిగా నున్నప్పుడు, పూత రాకమునుపే వేళ్లతో పెరుకవలెను. పూసిన తరువాత కదిలించినచో పుప్పొడి రేగును, గింజ రాలును. వట్టి చేతులతో పెరుకరాదు. ఆ మొక్క అనేకులకు చర్మముమీద దురదను, పుండ్లను, కొందరికి ఆయాసమును కలుగజేయును. చేతికి తొడుగులు గాని ప్లాస్టిక్ సంచులు గాని, ముక్కునకు గుడ్డ గాని కట్టుకొనవలెను. ఉబ్బసము ఉన్నవారిని, చిన్నపిల్లలను ఈ పనికి పంపవద్దు. పూత లేని మొక్కలను గుంతలో వేసి ఎరువు చేసికొనవచ్చును.

రెండవది, చేను చుట్టు జొన్న వరుసలు దట్టముగా విత్తుట. బుడ్డలకంటె ఎత్తుగా ఎదిగిన జొన్న, గాలికి వచ్చు పురుగును పుప్పొడిని కొంతవరకు అడ్డగించును. మన తాతలు బుడ్డల చేలలో జొన్న సాళ్లు వేసెడివారు. ఎన్ని వరుసలు, ఏ రకము, విత్తన శుద్ధికి ఏ మందు అను సంగతులు మండల వ్యవసాయాధికారిని అడుగుడి. ఈ వైరసు మొక్కలో ప్రవేశించిన తరువాత దానిని చంపు మందు లేదు. ఉన్నదని ఎవరైనను డబ్బా అమ్మవచ్చిన యెడల కొనకుడి.

మూడవది, ఈ పనికి మన సంఘమువారు మాత్రమే కాదు, ఊరిలోని వారందరు కావలెను. ఏ వీధివారైనను, ఏ మతమువారైనను పుప్పొడికి హద్దు రాయి లేదు. స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు ముందుగా గడ్డపార పట్టి బాట ప్రక్కన దిగిన యెడల తక్కినవారు వత్తురు. ఒక శనివారము ఉదయము చాలును. మరుసటి దినము ఆరాధనలో దేవుని స్తుతించుటకు ఒక క్రొత్త కారణము దొరకును.

కడవరి మాట మన విద్యార్థులకు. జీవశాస్త్రము చదివిన యెడల విశ్వాసము పోవునేమో అని కొందరు తలిదండ్రులు భయపడుచున్నారు. కంటికి కనబడని నాలుగక్షరముల వ్రాతలో, మడత పడు పూసల దండలో ఇంత క్రమమును చూచిన బిడ్డ సృష్టికర్తయెదుట తల వంచుటకు కారణములు ఎక్కువగునే గాని తక్కువ కావు. వయ్యారిభామ పుప్పొడిలోని వైరసును కనుగొనిన ఆ పరిశోధకులు, పొరుగువానిమీద మోపిన నిందను తీసివేయుటకు ఆధారము చూపిరి. అది న్యాయపు పని. అట్టి పనికి మన కర్నూలు, కడప జిల్లాల పల్లెలనుండి మన పిల్లలు కూడ లేవవలెనని మేము ప్రార్థించుచున్నాము. మీ ఇంటిలో చదువుకొను బిడ్డ ఉన్నయెడల, ఈ పుట చదివించి, సాయంకాలము గట్టుమీదికి తీసికొని పోయి ఆ మొక్కను చూపించుడి.

విత్తువానికి విత్తనమును, తినుటకు ఆహారమును దయచేయు తండ్రి ఈ సంవత్సరపు మీ పైరును కాపాడునుగాక. పైరు పోయిన ఇండ్లకు మన చేతులద్వారా ఆదరణ పంపునుగాక. ఆమేన్.

— మీ సేవలో, కల్లూరు సంఘ కాపరి